వాస్తవ విశ్లేషణ: విశ్వవిద్యాలయ స్థాయి అభ్యసనం

డిగ్రీ తరగతుల్లో అందరూ రియల్ అనాలిసిస్ అని పిలుచుకునే వాస్తవ విశ్లేషణ, కలన గణితానికి తార్కిక పునాది వేసే శాఖ. వాస్తవ సంఖ్యల లక్షణాలు, అనుక్రమాలు, శ్రేణులు, అవధి, అవిచ్ఛిన్నత, అవకలనం, రీమాన్ సమాకలనం, ప్రమేయాల అనుక్రమాలు ఇందులో ప్రధానాంశాలు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో బి.ఎస్సీ. గణిత విద్యార్థులు దీన్ని పాఠ్యాంశంగా చదువుతారు. ఇంటర్మీడియట్‌లో అవధులను, అవకలజాలను సూత్రాలతో వేగంగా సాధించడం అలవాటైన విద్యార్థి ఇక్కడికి రాగానే తడబడతాడు. ఇక్కడ అడిగేది జవాబు కాదు, ఆ జవాబు ఎందుకు చెల్లుతుందన్న ఉపపత్తి. విషయం మరీ అమూర్తమైనది కాబట్టే కష్టమని చాలామంది అంటారు. అందులో నిజం కొంతే. అసలు చిక్కు వాక్యంలో ఉంది. ‘ప్రతి’, ‘ఏదో ఒక’ అనే మాటలు ఏ వరసలో వస్తున్నాయి, ఏ సంఖ్యను ముందు ఎంచుకోవాలి, ఏది దేనిమీద ఆధారపడుతుంది అన్నవే ఇక్కడ కీలకం. ప్రతి ఊరికీ ఒక బడి ఉందనడం వేరు, అన్ని ఊళ్లకూ కలిపి ఒకే బడి ఉందనడం వేరు. ఎప్సిలాన్, డెల్టాల నిర్వచనాలన్నీ ఈ తేడామీదే నిలబడ్డాయి. దాన్ని కంటికి కట్టించేవి ప్రత్యుదాహరణలు. అందువల్ల అవి సిద్ధాంతాల చివర వచ్చే అనుబంధం కాకూడదు, ఈ పాఠానికి అవే మొదలు కావాలి.

సున్నా నుంచి ఒకటి వరకు ఉన్న సంవృత అంతరంలో ఎక్స్, ఎక్స్ వర్గం, ఎక్స్ ఘనం, ఇలా సాగే ప్రమేయాల అనుక్రమాన్ని చూడండి. ఒకటి కన్నా తక్కువైన ఏ బిందువు దగ్గరైనా విలువలు సున్నాను సమీపిస్తాయి. ఒకటి దగ్గర మాత్రం ఎప్పటికీ ఒకటే. కాబట్టి ప్రతి ప్రమేయమూ అవిచ్ఛిన్నమే అయినా అవధి ప్రమేయం ఒకటి దగ్గర తెగిపోతుంది. ఎందుకిలా జరిగిందో చేత్తో లెక్క వేసి చూడవచ్చు. 0.9 దగ్గర విలువ 0.1 కన్నా తగ్గాలంటే 22వ ఘాతం చాలు. 0.99 దగ్గర 230వ ఘాతం దాకా వెళ్లాలి. 0.999 దగ్గర 2,302వ ఘాతం కావాలి. ప్రతి బిందువుకూ దానికి తగిన ఘాతం దొరుకుతుంది, కానీ ఒకటి కన్నా తక్కువైన బిందువులన్నిటికీ సరిపోయే ఒకే ఘాతం ఎక్కడా దొరకదు. బిందువారీ అభిసరణకూ ఏకరూప అభిసరణకూ ఉన్న భేదమంతా ఇదే. ఈ మూడు సంఖ్యలనూ స్వయంగా కట్టి చూసిన విద్యార్థికి ఏకరూప అభిసరణ నిర్వచనాన్ని బట్టీ పట్టాల్సిన అవసరం ఉండదు.

ఈ భేదం ఎంత సూక్ష్మమైనదో చరిత్రే చెబుతుంది. పారిస్‌లోని ఎకోల్ పాలిటెక్నిక్ విద్యార్థుల కోసం 1821లో ప్రచురించిన పాఠ్యగ్రంథంలో, అవిచ్ఛిన్న ప్రమేయాల అభిసరణ శ్రేణి మొత్తం కూడా అవిచ్ఛిన్నమేనని కోషీ రాశాడు. ఆ సిద్ధాంతానికి మినహాయింపులున్నాయని 1826లో ఏబెల్ సైన్ శ్రేణి ఒకటి చూపించి చెప్పాడు. ఆ శ్రేణిలో ప్రతి పదమూ అవిచ్ఛిన్నమే. పై (π) దగ్గర పదాలన్నీ సున్నా కాబట్టి మొత్తం కూడా సున్నా. దానికి కాస్త ఎడమన మాత్రం మొత్తం పైలో సగానికి దగ్గరగా ఉంటుంది. లోపించిన షరతు ఏకరూప అభిసరణ అని 1840లలో స్టోక్స్, సైడెల్ విడివిడిగా గుర్తించారు. ఆ భావనను విశ్లేషణకు కేంద్రంగా నిలిపింది బెర్లిన్‌లో వైయర్‌స్ట్రాస్ బోధన. కోషీ తన పరిభాషలో వేరే అర్థాన్ని ఉద్దేశించాడని, ఆయన పొరబడలేదని వాదించే చరిత్రకారులూ ఉన్నారు. ఆ వాదనను అంగీకరించినా మనకు కావలసిన ముగింపు మారదు: షరతును విడిగా, స్పష్టంగా చెప్పనంతవరకు గొప్ప గణితజ్ఞుల మధ్య కూడా ఏకాభిప్రాయం కుదరలేదు. అలాంటి భావనను రెండు పంక్తుల నిర్వచనంగా బల్లమీద రాసి వెంటనే ఉపపత్తిలోకి వెళ్లిపోతే పందొమ్మిదేళ్ల విద్యార్థికి అది అందకపోవడం సహజం.

సంఖ్యారేఖలో ఖాళీలు లేకపోవడమనే వాస్తవ సంఖ్యల సంపూర్ణత విషయంలోనూ అంతే. 1858లో జ్యూరిచ్‌లో కలన గణితం బోధిస్తున్నప్పుడే దానికి అంకగణిత పునాది లేదన్న లోటు డెడికిండ్‌ను కలవరపెట్టింది. ఆ ఏడాది రూపుదిద్దుకున్న ‘ఛేదాల’ ఆలోచనను 1872లో ప్రచురించాడు. సంపూర్ణత ఎందుకు కావాలో తెలియాలంటే అకరణీయ సంఖ్యలకే పరిమితమై, ఎక్స్ వర్గంలోంచి రెండు తీసివేసే ప్రమేయాన్ని చూడాలి. ఒకటి దగ్గర అది రుణాత్మకం, రెండు దగ్గర ధనాత్మకం. అయినా మధ్యలో ఎక్కడా సున్నా కాదు.

ఇంజనీర్లకు, భౌతిక శాస్త్రవేత్తలకు ఇంత కచ్చితత్వం దేనికన్నది పాత అభ్యంతరం. పునాదులకు అతిగా సమయం ఇస్తున్నాడని కోషీని ఆయన విద్యాసంస్థే తప్పుపట్టింది. కానీ శ్రేణిని పదం తర్వాత పదంగా అవకలనం చేయవచ్చా, అవధినీ సమాకలనాన్నీ తారుమారు చేయవచ్చా అన్న ప్రశ్నలు ఫోరియర్ శ్రేణులను వాడే ప్రతి ఇంజనీరుకూ ఎదురవుతాయి. రెండో అభ్యంతరం ఇంకా బలమైనది: ఎప్సిలాన్ల బదులు అనంత సూక్ష్మ రాశులతోనే బోధించవచ్చు కదా? అబ్రహాం రాబిన్సన్ 1960లలో వాటికి తార్కిక భద్రత కల్పించాడు. కీస్లర్ 1976లో ఆ పద్ధతిలో పాఠ్యపుస్తకమే రాశాడు. ఆ దారి గౌరవించదగినదే. అయితే అక్కడ కూడా ఏకరూప అభిసరణను మామూలు అభిసరణ నుంచి వేరు చేయక తప్పదు. అదే భేదం వేరే భాషలో కనిపిస్తుంది. ప్రత్యుదాహరణలతో మొదలుపెడితే సిలబస్ పూర్తికాదనేది మూడో అభ్యంతరం. సెమిస్టర్ గడువు తెలిసినవారెవరూ దీన్ని తేలిగ్గా తీసుకోలేరు. కానీ ఉపపత్తిని బట్టీ పట్టిన విద్యార్థికి తర్వాతి కోర్సులో అదే విషయాన్ని మళ్లీ మొదటినుంచి చెప్పాల్సివస్తుంది, అక్కడ పోయే కాలాన్ని కూడా లెక్కలో వేయాలి.

నిర్వచనం ఎంత స్పష్టంగా చెప్పినా, విద్యార్థి మనసులో ముందే ఉన్న బొమ్మ దానితో తలపడుతుందని గణిత విద్యా పరిశోధకులు టాల్, విన్నర్ 1981లో రాసిన వ్యాసంలో అవధి, అవిచ్ఛిన్నతలనే తీసుకుని వివరించారు. అవిచ్ఛిన్నమంటే కలం ఎత్తకుండా గీయగల గీత అనుకునేవారికి, ఎక్స్ వ్యుత్క్రమం తన ప్రదేశంలో అంతటా అవిచ్ఛిన్నమే అన్నమాట మింగుడుపడదు. బొమ్మను తీసేయడం సాధ్యం కాదు, అవసరమూ కాదు; అది ఎక్కడ పనిచేయదో చూపితే చాలు. అన్ని బిందువుల దగ్గరా అవిచ్ఛిన్నమై ఎక్కడా అవకలనీయం కాని ప్రమేయాన్ని వైయర్‌స్ట్రాస్ 1872లో బెర్లిన్ అకాడమీ ముందుంచి చేసిన పని అదే.

పరీక్షలో ఏమడిగితే చదువు ఆ వైపే సాగుతుంది. సిద్ధాంతాన్ని ప్రవచించి నిరూపించమని అడిగినంతకాలం బట్టీ ఆగదు. సిద్ధాంతంలో ఒక షరతును తొలగించి, అది ఇంకా నిలుస్తుందో లేదో ఉదాహరణతో చూపమనే ప్రశ్న ఒక్కటైనా ప్రతి ప్రశ్నపత్రంలోనూ ఉండాలి.