అటకెక్కినవీ, గట్టు మీద మిగిలినవీ

1950ల మొదట్లో ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ శాస్త్రజ్ఞులు ఒక సోలార్ కుక్కర్ తయారు చేశారు. పుటాకారంలో ఉన్న అల్యూమినియం దర్పణం ఎండనంతా ఒకచోటికి చేర్చి గిన్నెను వేడెక్కిస్తుంది. కట్టెలు అక్కర్లేదు, బొగ్గులు అక్కర్లేదు, పొగ ఊసే లేదు. విదేశీ పత్రికలు సైతం దాని గురించి గొప్పగా రాశాయి. ఆ దశాబ్దంలోనే, 1955లో, కోయంబత్తూరులో పి. సభాపతి అనే ఆయన పిండి రుబ్బే యంత్రం ఒకటి తయారు చేశారు. ఢిల్లీ కుక్కర్‌కు వచ్చినంత పేరు దీనికి రాలేదు. కానీ కాలం ఇచ్చిన తీర్పు వేరు. సోలార్ కుక్కర్ అంగడిలో నిలవలేకపోయింది. గ్రైండరు మాత్రం దక్షిణాదిలో ఇడ్లీ ఉడికే చోటల్లా పాతుకుపోయింది.

కారణం వెతకడానికి ఎక్కువ దూరం వెళ్లక్కర్లేదు. సోలార్ కుక్కర్‌తో వండాలంటే ఆడమనిషి మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడాలి. సూర్యుడు జరిగినప్పుడల్లా దర్పణాన్ని అటు తిప్పాలి. తెలుగు పల్లెలో పొయ్యి వెలిగేది పొలానికి వెళ్లేవాళ్లు బయల్దేరకముందు ఒకసారి, పొద్దుగూకాక ఇంకోసారి. ఆ రెండు వేళల్లోనూ ఎండ ఉండదు. గ్రైండరు సంగతి అది కాదు. వండే వేళ మార్చుకోమనలేదు, తినే తిండి మార్చుకోమనలేదు. అప్పటికే రోజూ భుజాలు విరిగేలా చేస్తున్న పనిని తన మీద వేసుకుంది.

ఈ 70 ఏళ్లలో మన వంటిళ్లలోకి వచ్చిన సామాను చరిత్రంతా దాదాపు ఇదే తీరు. ఏ వస్తువు కొనదగ్గది, ఏది డబ్బు దండగ అన్న ప్రశ్నకు జవాబు ప్రకటనల్లో కంటే ఈ చరిత్రలోనే బాగా దొరుకుతుంది.

ఆ పని ఎంత బరువైనదో ఇప్పటి పిల్లలకు చెబితే తప్ప తెలియదు. తిరగలిలో విసరడం, రోట్లో దంచడం, రుబ్బురోట్లో రుబ్బడం, సన్నికల్లు మీద నూరడం ఒక్కొక్కటీ ఒక్కో పని, ఒక్కోదానికి ఒక్కో రాయి. కందులు విసిరి పప్పు చేసుకోవాలి. వడ్లు దంచి, చెరిగి, బియ్యం చేసుకోవాలి. మినప్పప్పు రుబ్బేటప్పుడు ఒక చేత్తో పొత్రం తిప్పుతూ, రెండో చేత్తో అంచులకెక్కిన పిండిని లోపలికి తోస్తూ, మధ్య మధ్య నీళ్లు చిలకరించాలి. రాయి అరిగి నున్నబడితే ఉలితో కక్కు కొట్టించాలి. రోళ్లూ తిరగళ్లూ మలిచి అమ్మే వడ్డెర కుటుంబాలకు అదొక జీవనాధారం. దంపుళ్ల పాటలూ తిరగలి పాటలూ పుట్టింది ఈ చాకిరీలోంచే. వాటిని జానపద సాహిత్యంగా సేకరించి దాచుకున్నాం, మంచిదే. కానీ తెల్లవారుజామున లేచి ఆ పాటలు పాడిన ఆడవాళ్లకు అవి అలుపు మరిపించే మందు.

ఈ బరువును మొదట దించిన యంత్రం ఇంట్లోది కాదు. ఊళ్లోని బియ్యం మిల్లు, ఆ తర్వాత పిండిమర. దంపుడు, విసురుడు ఇంటి గడప దాటి వీధిలోకి వెళ్లాయి. రుబ్బడం, నూరడం మాత్రం కరెంటు వచ్చేదాకా ఇంట్లోనే ఉండిపోయాయి. కరెంటు అందరికీ ఒకేసారి రాలేదు. హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున థర్మల్ విద్యుత్ కేంద్రం 1920లోనే వచ్చింది. మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు 1955లో మొదలైంది. రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏర్పడింది 1959లో. అక్కడినుంచి తీగలు పల్లెలకు పాకి, ఇళ్లలో ప్లగ్గులు బిగించేసరికి ఇంకో తరం గడిచింది.

అందుకే తెలుగు వంటింట్లోకి ముందుగా వచ్చిన ఆధునిక పరికరాల్లో కరెంటు అక్కర్లేని ప్రెషర్ కుక్కర్ ఒకటి. దాని పుట్టుక మరీ పాతది. ఫ్రాన్సులో పుట్టిన డెనీ పాపిన్ 1679లో లండన్‌లో గట్టి మూత బిగించిన పాత్ర తయారు చేసి, ఎముకలు సైతం మెత్తబడేలా ఉడికించి చూపాడు. పాత్ర పేలకుండా సేఫ్టీ వాల్వు పెట్టిందీ ఆయనే. 1682లో రాయల్ సొసైటీ సభ్యులకు ఆ పాత్రల్లో వండిన విందు జరిగింది. మన దేశంలో ఇందుమాధవ్ మల్లిక్ అనే బెంగాలీ వైద్యుడు 1910లో ‘ఇక్మిక్ కుక్కర్’ తయారు చేశారు. కింద బొగ్గులు, పైన ఒకదానిమీద ఒకటి గిన్నెలు, ఆవిరితో అన్నం, పప్పు, కూర ఒకేసారి ఉడుకుతాయి. అయితే అందులో ఒత్తిడి లేదు కాబట్టి వంటకు గంటలు పట్టేది.

1959లో బొంబాయిలో హాకిన్స్ కంపెనీ మొదలైంది. మద్రాసు టీటీకే సంస్థ బ్రిటన్‌కు చెందిన ప్రెస్టీజ్‌తో కలిసి కుక్కర్లు చేయడం మొదలుపెట్టిందీ ఆ కాలంలోనే. ఇందులోని కిటుకు చిన్నది. మూత తీసిన గిన్నెలో నీళ్లు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతాయి, ఎంత మంట పెట్టినా అంతకు మించి వేడెక్కవు. బిగించిన కుక్కర్‌లో ఒత్తిడి పెరిగి, మరిగే వేడి 120 డిగ్రీల దాకా వెళుతుంది. గట్టి నీళ్లున్న ఊళ్లలో ఎంతకీ ఉడకని కందిపప్పు నాలుగు విజిళ్లకు మెత్తబడిందంటే అందుకే. మొదట్లో పేలుతుందని జనం భయపడ్డారు. అయినా కుక్కర్ గెలిచింది. కుంపటి మీదా పనిచేసింది, కిరసనాయిలు స్టవ్వు మీదా పనిచేసింది, గ్యాసు వచ్చాక గ్యాసు మీదా పనిచేసింది. గ్యాస్కెట్ వదులైతే వీధి చివరి స్టీలు సామాను కొట్లో కొత్తది దొరికింది. కట్టెలూ కిరసనాయిలూ ఆదా అయ్యాయి. అన్నిటికీ మించి, మనం ముందునుంచీ తినే పప్పన్నాన్నే వండిపెట్టింది.

మిక్సీ కథ ఇంకా ముచ్చటైనది. అమెరికాలో స్టీఫెన్ పొప్లావ్‌స్కీ 1922లో చేసిన బ్లెండరు పానీయాలు కలపడానికి. 1937లో వచ్చిన వేరింగ్ బ్లెండరు కూడా అంతే. మెత్తటి పళ్లూ, పాలూ, ఐసు ముక్కలూ వాటి పని. ఎండుమిరపకాయలూ, పసుపు కొమ్ములూ, ఎండు కొబ్బరీ, నానిన మినప్పప్పూ వేస్తే వాటి మోటారు కాలిపోతుంది. బొంబాయిలో మాధురీ మాథుర్ వాడుతున్న జర్మన్ బ్రౌన్ బ్లెండరు అలాగే పాడైంది. బాగుచేయించే దారి ఇక్కడ దొరకలేదు. ఇంజనీరైన ఆమె భర్త సత్యప్రకాశ్ మాథుర్ మన వంటకు తట్టుకునే మోటారు తయారు చేసే పనిలో పడ్డారు. 1963లో కంపెనీ పెట్టారు. అక్కడినుంచి వచ్చిందే సుమీత్ మిక్సీ. తర్వాతి పాతికేళ్లలో దక్షిణాది ఇళ్లలో మిక్సీ అంటే సుమీతే అన్నంతగా అది పేరు తెచ్చుకుంది.

పాడైన మిక్సీని రిపేరు కొట్టుకు తీసుకెళ్తే మన వస్తువుల అసలు బలం కనిపిస్తుంది. మెకానిక్ దాన్ని తిరగేసి, నాలుగు స్క్రూలు విప్పి, అరిగిన కార్బన్ బ్రష్షులు తీసి కొత్తవి పెడతాడు. జారు కింద పళ్లు విరిగిన కప్లర్ మారుస్తాడు. నీళ్లు కారుతుంటే బుష్ వేస్తాడు, మొద్దుబారిన బ్లేడుకు సాన పెడతాడు. మిక్సీ అడుగున ఎర్ర బొత్తాం ఒకటి ఉంటుంది. మోటారు మీద బరువు మరీ ఎక్కువైతే అదే కరెంటు ఆపేస్తుంది. కాసేపాగి నొక్కితే మళ్లీ నడుస్తుంది. ఆ సంగతి తెలియక మంచి మిక్సీని పాడైపోయిందని పక్కన పెట్టేసేవాళ్లున్నారు. అమెరికా వెళ్లే తెలుగు కుటుంబాలు అక్కడి కరెంటుకు సరిపడే 110 వోల్టుల మిక్సీని ఇక్కడే కొనుక్కుని పెట్టెలో సర్దుకోవడం ఇప్పటికీ ఉంది. అక్కడ బ్లెండర్లకు కొదవ లేదు. గోంగూర పచ్చడికీ కందిపొడికీ మాత్రం మిక్సీయే కావాలి.

మిక్సీ చేయలేని పని గ్రైండరు చేసింది. మిక్సీ బ్లేడు నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంది, పిండి వేడెక్కుతుంది. గారెల పిండికీ ఇడ్లీ పిండికీ ఆ వేడి మంచిది కాదు. గ్రైండరులో రాళ్లు నెమ్మదిగా తిరుగుతాయి, పిండిలో గాలి చేరి నురుగులా పొంగుతుంది. సభాపతి యంత్రంలో గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఇంటి రుబ్బురోట్లో రోలు కదలదు, పొత్రాన్ని తిప్పాలి. గ్రైండరులో పొత్రాన్ని పట్టి ఉంచి రోలునే తిప్పారు. చెయ్యి చేసే పనిని మోటారుకు అప్పగించడానికి ఆ ఒక్క తారుమారు చాలింది. కోయంబత్తూరు వెట్ గ్రైండరుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. 2011లో తమిళనాడు ప్రభుత్వం మిక్సీ, గ్రైండరు, ఫ్యాను ఉచితంగా పంచే పథకం పెట్టిందంటే అవి విలాస వస్తువులన్న ముద్ర పోయిందనే అర్థం. మన దగ్గర కూడా కూతురి కాపురం సామానులో ఇత్తడి బిందెల పక్కన కుక్కరూ మిక్సీ చేరి చాలా కాలమైంది.

ఇక పొగ సంగతి. దాన్ని తరిమే ప్రయత్నం మన హైదరాబాదులోనే గట్టిగా జరిగిందని చాలామందికి తెలియదు. హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ లేబొరేటరీస్‌లో డాక్టర్ ఎస్.పి. రాజు మట్టితోనే కట్టుకోగలిగిన, పొగగొట్టం ఉన్న పొయ్యి రూపొందించారు. సంస్థ పేరు మీద దాన్ని ‘హెర్ల్ చుల్హా’ అన్నారు. 1953లో ‘స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్’ అనే పుస్తకం కూడా రాశారు. లక్షలాది పేద ఇళ్ల ఆడవాళ్ల కళ్ల గురించీ ఊపిరి గురించీ ఒక ఇంజనీరు ఆ రోజుల్లోనే ఇంతగా ఆలోచించాడని గర్వంగా చెప్పుకోవాలి. 1983 చివర్లో కేంద్రం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం చేపట్టి, దేశమంతా కలిపి మూడు కోట్లకు పైగా పొయ్యిలు పంచింది. 2002లో దాన్ని ఆపేసింది. పంచిన పొయ్యిల్లో చాలావాటికి పగుళ్లు వచ్చాయి, గొట్టాల్లో మసి పేరుకుంది. ఇంట్లో ఉన్న గిన్నెలు వాటికి సరిపోలేదు. బాగుచేసే మనిషి ఊళ్లో లేడు. ఆలోచనలో లోపం లేదు, వెనక నిలబడే ఏర్పాటు లేదు.

పొగను నిజంగా తగ్గించింది వంటగ్యాసే. ఇండేన్ మొదటి కనెక్షన్ 1965లో కలకత్తాలో ఇచ్చారు. ఆ తర్వాత చాలా ఏళ్లు గ్యాసు కావాలంటే పేరు నమోదు చేసుకుని ఏళ్ల తరబడి ఎదురుచూడాలి, లేదా ఎంపీ సిఫారసు సంపాదించాలి. అప్పటిదాకా పంపు స్టవ్వు, వత్తుల స్టవ్వు, రేషను కిరసనాయిలే దిక్కు. 1999 జూలైలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీపం పథకం కింద పేద మహిళలకు గ్యాసు కనెక్షన్లు ఇవ్వడం మొదలుపెట్టింది. 2016లో కేంద్రం ఉజ్వల తెచ్చింది. కానీ సిలిండరు అయిపోయాక మళ్లీ నింపించుకునే డబ్బు లేక మళ్లీ కట్టెలపొయ్యి ముందు కూర్చున్న కుటుంబాలెన్నో. అందుకే 2024లో ఆంధ్రప్రదేశ్ దీపం-2 పేరుతో ఏటా మూడు సిలిండర్లు ఉచితంగా ఇవ్వాల్సి వచ్చింది. వస్తువు కొన్న రోజు పెట్టేది దాని ధరలో ఒక భాగమే. నడపడానికి నెలనెలా అయ్యేది కూడా ధరే.

ఇప్పటి ఫ్యాషను సామానునూ ఈ లెక్కలోనే చూడాలి. 2010లో ఫిలిప్స్ తెచ్చిన ఎయిర్ ఫ్రయరు నిజానికి లోపల ఫ్యానున్న చిన్న ఓవెన్. వేడి గాలితో బంగాళాదుంపలు, బెండకాయలు తక్కువ నూనెలో చక్కగా వేగుతాయి. జారుగా ఉండే బజ్జీల పిండి మాత్రం అందులో జారిపోతుంది, గారెకు నూనెలో వచ్చే పొంగు రాదు. ఇద్దరు ముగ్గురున్న ఇంట్లో, నూనె తగ్గించాలనుకునేవాళ్లకు అది పనికొచ్చేదే. పండగ వంటకు పనికిరాదు. 1940ల్లో రాడార్ పరిశోధనల్లోంచి పుట్టిన మైక్రోవేవ్ మన ఇళ్లలో చాలావరకు చల్లారిన కూర వేడిచేసే పెట్టెగా ఉంది. తిరగమోతల పొగ హాల్లోకి వెళ్లే అపార్ట్‌మెంట్ వంటింటికి చిమ్నీ అవసరమే. అయితే దాని జిడ్డు ఎప్పటికప్పుడు కడగకపోతే అది కూడా మసి పేరుకున్న పొగగొట్టమే అవుతుంది.

ఇంకో సంగతి కూడా చరిత్రే చెప్పింది. అమెరికా చరిత్రకారిణి రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లో రాసిన ‘మోర్ వర్క్ ఫర్ మదర్’లో యంత్రాలు వచ్చినా ఇల్లాలి పని గంటలు అంతగా తగ్గలేదని చూపించింది. వాషింగ్ మెషీన్ వచ్చాక బట్టలు ఉతికే రోజులు పెరిగాయి. మునుపు మగవాళ్లూ పనివాళ్లూ చేసే పనులు కూడా యంత్రంతో సహా ఆమె మీదే పడ్డాయి. మన దగ్గర 2019 సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటి పనులు చేసే ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు వాటికి వెచ్చిస్తే, చేసే మగవాళ్లు వెచ్చించింది 97 నిమిషాలు. కుక్కరూ మిక్సీ గ్యాసూ శరీరశ్రమను తగ్గించాయి. పని పంచుకోవడమన్నది ఏ కంపెనీ అమ్మే వస్తువూ కాదు, దాన్ని ఇంట్లోవాళ్లే తేవాలి.

కాబట్టి కొత్త వస్తువు చూసి మనసు పడినప్పుడు నాలుగు మాటలు అడగండి. ఇది తగ్గించే పని మన ఇంట్లో రోజూ ఉందా? మనం తినే తిండి ఇందులో వండొచ్చా? నడపడానికి నెలకెంత? పాడైతే మన ఊళ్లో బాగుచేసేవాళ్లున్నారా, విడిభాగాలు దొరుకుతాయా? కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో ‘రైట్ టు రిపేర్’ పోర్టల్ తెరిచింది. అందులో చేరిన కంపెనీల రిపేరు, విడిభాగాల వివరాలు చూసుకోవచ్చు. కొట్లో డబ్బు కట్టకముందే అవి చూడండి. అన్నిటికంటే ముందు, ఆ వస్తువును రోజూ వాడాల్సిన మనిషిని అడిగి కొనండి.