ప్రవరలో మిగిలిన పేరు

జంగారెడ్డిగూడెం నెట్ సెంటర్లో గంటకింతని కట్టి కూర్చున్న మా తరానికి ఇంటర్నెట్ అంటే నీలం రంగు ‘ఈ’ అక్షరమే. ఎంసెట్ ర్యాంకు చూడాలన్నా, అమెరికాలో ఉన్న అన్నయ్యకి మెయిలు కొట్టాలన్నా దాని మీదే నొక్కేవాళ్ళం. ఆ పీట మీద అంతకుముందు ‘ఎన్’ అనే అక్షరం కూర్చునేదని మాకెవరూ చెప్పలేదు. మేం వెళ్ళేసరికే దానికి పెద్దకర్మ కూడా అయిపోయినట్టుంది.

ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో మొజాయిక్ అనే బ్రౌజర్ రాసిన కుర్రాళ్ళను పోగేసి, 1994 ఏప్రిల్‌లో జిమ్ క్లార్క్, మార్క్ ఆండ్రీసెన్ కాలిఫోర్నియాలో కంపెనీ పెట్టారు. ఆండ్రీసెన్‌కి అప్పుడు 22 ఏళ్ళు. మొజాయిక్ పేరు వాడుకుంటే విశ్వవిద్యాలయం ఊరుకోలేదు. కంపెనీ నెట్‌స్కేప్ అయింది, మా ‘ఎన్’ అదే. లోపల మాత్రం తమ కొత్త బ్రౌజర్‌కి ‘మొజాయిక్‌ని చంపేది’ అనే అర్థంలో, గాడ్జిల్లా ప్రాసతో, మొజిల్లా అని ముద్దుపేరు పెట్టుకున్నారు. కన్నతల్లిని మింగే పేరు బిడ్డకి పెట్టకూడదంటారు మా వైపు పెద్దవాళ్ళు.

ఆ అక్టోబరు 13 రాత్రి తొలి బీటాను జనంలోకి వదిలారు. ఎవరైనా దింపుకున్న ప్రతిసారీ గదిలో ఒక చప్పుడు వచ్చేలా కుర్రాళ్ళు అమర్చుకున్నారు. దింపుకున్నవాళ్ళు వాడే కంప్యూటర్ రకాన్ని బట్టి ఒకసారి ఫిరంగి పేలేది, ఒకసారి గాజు పగిలేది, ఒకసారి కప్ప అరిచేది. నిద్రలేని కళ్ళతో ఆ మోత వింటూ కూర్చున్నారట. ఈ కథలో నాకు బాగా నచ్చిన రాత్రి అదే. బొమ్మలన్నీ దిగేదాకా ఆపకుండా అక్షరాలను ముందే చూపించడం ఆ బ్రౌజర్ గొప్ప. నత్తనడక మోడెమ్‌ల రోజుల్లో అదొక వరం.

1995 ఆగస్టు 9న బజారుకొచ్చిన నెట్‌స్కేప్ 28 డాలర్ల షేరు ఒక్క పూటలో 75 దాకా ఎగిరింది. ఆరు రోజులకి మన దేశంలో వీఎస్ఎన్ఎల్ ఇంటర్నెట్ తలుపు తీసింది. ఆ నెలలోనే మైక్రోసాఫ్ట్ తన ఎక్స్‌ప్లోరర్‌ని బయటికి తెచ్చింది. తర్వాత దాన్ని విండోస్‌లోనే కలిపి ఉచితంగా ఇచ్చేసింది. ఇంట్లో ఉన్నదాన్ని వదిలి, డయలప్ బిల్లు కట్టి ఇంకొకటి ఎవరు దింపుకుంటారు?

1997 అక్టోబరులో ఒక రాత్రి మైక్రోసాఫ్ట్ వాళ్ళు తమ ఎక్స్‌ప్లోరర్ గుర్తైన పెద్ద ‘ఈ’ బొమ్మ తెచ్చి నెట్‌స్కేప్ పచ్చిక మీద దించిపోయారు. వీళ్ళు దాన్ని పడగొట్టి, పైన మొజిల్లా రాక్షసబల్లిని నిలబెట్టి, బ్రౌజర్ల వాటాలో మాకు 72, మీకు 18 అని బోర్డు తగిలించారు. ఓడిపోయేవాడి ఆఖరి నవ్వు అది.

తప్పంతా శత్రువుదే అనను. నెట్‌స్కేప్ వాళ్ళు ఉన్న కోడ్ వదిలేసి మొదటినుంచి రాస్తామని కూర్చున్నారు. ఐదో వెర్షన్ రానేలేదు. 2000 నవంబరులో ఆరోది వచ్చింది, అదీ పచ్చిగానే. మైక్రోసాఫ్ట్ గుత్తాధిపత్యాన్ని అమెరికా జడ్జి 1999లో తేల్చి చెప్పేనాటికి నెట్‌స్కేప్ ఏఓఎల్ అనే కంపెనీ చేతికి వెళ్ళిపోయింది, దావా తేలేలోపే పొలం అమ్ముకున్న రైతులా. 2003 జూలైలో ఏఓఎల్ ఆ జట్టుని చెదరగొట్టింది. 2008 మార్చి 1న దీపం కొండెక్కింది.

పోయేముందు చేసిన దానం ఒకటుంది. 1998లో తన కోడ్‌ని లోకానికి రాసిచ్చేసింది. అందులోంచి ఫైర్‌ఫాక్స్ పుట్టింది. ఒక్కో పత్రిక ఒక్కో సొంత ఫాంటు వాడే కాలంలో తెలుగు అక్షరాలు పిచ్చిగీతల్లా కనిపిస్తుంటే, నాగార్జున వెన్నా ఫైర్‌ఫాక్స్‌కి ‘పద్మ’ అనే చేర్పు రాసి వాటిని యూనికోడ్‌లోకి మార్చి చదివించారు.

ఇంకో సంగతి. ఒకప్పుడు సర్వర్లు తన పేరు మొజిల్లా అని చెప్పుకున్న బ్రౌజర్‌కే మంచి పేజీలు ఇచ్చేవి. అందుకని దాన్ని చంపిన ఎక్స్‌ప్లోరర్ కూడా ఆ పేరే చెప్పుకుని లోపలికి వెళ్ళింది. ఆ అలవాటు పోలేదు. మా ఊరి పొగాకు రైతు ఇవాళ ఫోనులో క్రోమ్ తెరిచి వేలం ధర చూస్తున్నాడనుకోండి. పేజీ అడిగేముందు ఆ ఫోను అవతలి సర్వరుకి ప్రవర చెప్పుకుంటుంది. అందులో మొట్టమొదటి మాట: మొజిల్లా.