పన్నెండేళ్ళ పిల్లాడి బొటనవేలు

మూడేళ్ళ కిందట మా పెరట్లో గుమ్మడిపాదు పెట్టాను. అదేం చలవో గానీ ప్రహరీగోడ ఎక్కి, అక్కణ్ణించి పక్కవాళ్ళ రేకులషెడ్డు మీదికి పాకి, రోజుకు పదీ పదిహేను పచ్చటి పూలు పూసింది. చూసినవాళ్ళంతా ఈ సంక్రాంతికి మీ ఇంట్లో బండెడు కాయలండీ అన్నారు. తీరా చూస్తే ఒక్క కాయా నిలవలేదు. నిమ్మకాయంత పిందె కనబడటం, నాలుగోనాటికి పండుబారి రాలిపోవటం! మా అత్తగారు దిష్టి అని తేల్చేశారు. పాతచెప్పు ఒకటి తెప్పించి పాదుకి వేలాడగట్టించారు. నేను బి.ఏ.లో హిస్టరీ చదివినదాన్ని. వృక్షశాస్త్రంలో నా పాండిత్యమంతా మా అమ్మాయి రికార్డు పుస్తకంలో మందారపువ్వు బొమ్మ వేసిపెట్టడం వరకే. కాబట్టి చెప్పుకి అడ్డు చెప్పలేదు.

మాకు పాలు పోసే మనిషి ఒకనాడు గిన్నె కిందపెట్టి పాదుకేసి చూసింది. "దిష్టీ కాదు, ఏమీ కాదండీ అమ్మగారూ. పువ్వుకి పువ్వు తగల్లేదు. ఈ వీధిలో తేనెటీగలేవండీ?" అంది. పొడుగాటి కాడ ఉన్న పువ్వొకటి తెంపి, రేకులు ఒలిచేసి, లోపలి పచ్చటి పొడి, కింద బుల్లి పిందె ఉన్న ఇంకో పువ్వులో రాసింది. "ఇది పోతు పువ్వండీ, అది ఆడపువ్వు. తెల్లారగట్లే చెయ్యాలి. పొద్దెక్కితే ముడుచుకుపోద్ది" అని తన దారిన వెళ్ళిపోయింది.

ఆ ఏడు తొమ్మిది కాయలు కాశాయి. వీధివాళ్ళంతా "మీ చేతి చలవండీ" అన్నారు. కాదనలేదు నేను. నిజం చెప్పాలంటే, రెండు మూడు చోట్ల పోతుపువ్వూ ఆడపువ్వూ అంటూ నాకేదో పుట్టుకతో తెలిసినట్టు ఉపన్యాసం కూడా ఇచ్చాను.

ఆ తర్వాత ఓ వేసవిలో పిల్లల గోల పడలేక ఇంట్లో ఐస్‌క్రీం చేస్తూ, వెనిల్లా ఎసెన్స్ సీసా మూత తీసి వాసన చూస్తే ఒక అనుమానం వచ్చింది. ఏలకులు తెలుసు, జాజికాయ తెలుసు. ఈ వెనిల్లా అన్నది కాయా, పువ్వా, బెరడా? పుస్తకాలు తిరగేశాను. ముందుగా తెలిసిందేమిటంటే, నా సీసాలో ఉన్నది అసలు మొక్కదే కాదు. 1874లో జర్మన్ రసాయన శాస్త్రజ్ఞులు ఇద్దరు, టీమన్, హార్మన్ అనేవాళ్ళు, దేవదారు జాతి చెట్ల రసంలోంచి ఆ వాసనని తయారుచేశారు. మన వంటింటి సీసాలు చాలావరకు ఆ సంతతివే. అసలు వెనిల్లా ఒక తీగకి కాసే కాయ. ఆ కాయ వెనకాల ఒక పిల్లవాడున్నాడు.

వెనిల్లా పుట్టిల్లు మెక్సికో. అక్కడి టోటోనాక్ జాతివాళ్ళు దాన్ని ఏనాటినుంచో ఎరుగుదురు. పదహారో శతాబ్దంలో స్పెయిన్ వాళ్ళు ఆ దేశాన్ని కొల్లగొట్టి, బంగారంతో పాటు చాక్లెట్‌నూ, అందులో వేసుకునే వెనిల్లానూ యూరప్‌కి పట్టుకుపోయారు. కాయలు వెళ్ళాయి సరే, తర్వాత తీగలూ వెళ్ళాయి. గాజుమేడల్లో పెంచారు. ఏపుగా పెరిగింది, పూసింది. కాయ మాత్రం కాయలేదు. అచ్చు మా గుమ్మడిపాదు కథే. అక్కడ పాతచెప్పు కట్టారో లేదో తెలియదు గానీ, పెద్దపెద్ద శాస్త్రవేత్తలే తలలు పట్టుకున్నారు.

ఇంతకీ పువ్వు కాయ ఎలా అవుతుంది? పువ్వులోని కేసరాలు పుప్పొడినిస్తాయి. ఆ పుప్పొడి రేణువు కీలాగ్రం మీద పడితే, గింజ మొలకెత్తినట్టే ఒక సన్నటి గొట్టం తీస్తుంది. ఆ గొట్టం కీలంలోంచి కిందికి దిగి, అండాశయంలో ఉన్న అండాన్ని చేరుతుంది. అప్పుడు అండం గింజ అవుతుంది, దాన్ని కడుపులో పెట్టుకున్న అండాశయం కాయ అవుతుంది. మనం కాయలో గింజ ఉంది అనుకుంటాం గానీ, మొక్కకి ముఖ్యం గింజే. కాయ దాన్ని దాచుకునే ఒడి. పుప్పొడి లేనిదే గింజ కట్టదని 1694లో జర్మనీలో కమెరారియస్ అనే ఆయన ప్రయోగం చేసి మరీ రాసిపెట్టాడు.

వెనిల్లా పువ్వుకి ఒక చిక్కుంది. మగభాగం, ఆడభాగం ఒకే పువ్వులో పక్కపక్కనే ఉంటాయి. కానీ రెండింటి మధ్యా నాలుకలాంటి చిన్న పొర అడ్డం. ఒకే ఇంట్లో ఉంటూ మొహాలు చూసుకోని ఆలుమగల్లాగా అన్నమాట. ఆ పువ్వు పొద్దున విచ్చుకుని సాయంత్రం లోపలే వాడిపోతుంది. ఈ రాయబారం నడిపే తేనెటీగలు మెక్సికో అడవుల్లో ఉన్నాయి గానీ, అవి తీగతోపాటు ఓడెక్కి రాలేదు. 1836లో బెల్జియంలోని లియేజ్ పట్నంలో మోరెన్ అనే ఆచార్యుడు చేత్తో పుప్పొడి అద్ది కాయలు కాయించాడు. అది పండితుల వింతగా మిగిలిపోయింది తప్ప తోటల్లో కూలిజనం చేసుకునే పని కాలేదు.

ఇప్పుడు హిందూ మహాసముద్రంలోకి రండి. మడగాస్కర్‌కి తూర్పున బూర్బన్ అని చిన్న దీవి. ఇప్పటి పేరు రీయూనియన్. అప్పుడది ఫ్రెంచివాళ్ళది, ఇప్పటికీ వాళ్ళదే. (మన యానాం రేవునుంచి తెలుగు కూలీలు 1828లో మొదటిసారి ఓడెక్కి దిగింది ఈ దీవిలోనే.) అక్కడ సెయింట్ సుజాన్ అనే ఊళ్ళో 1829లో ఒక బానిస స్త్రీ బిడ్డని కని ప్రాణం వదిలింది. ఆ బిడ్డ పేరు ఎడ్మండ్. అంతే పేరు. బానిసకి ఇంటిపేరు ఉండదు.

తల్లిలేని ఆ పిల్లాణ్ణి ఫెరియోల్ బెలియె బొమాన్ అనే తోట యజమాని చేరదీశాడు. ఆయనకి మొక్కల పిచ్చి. పిల్లాడు ఆయన వెనకాలే తోటంతా తిరిగేవాడు. బడి లేదు, రాయటం చదవటం రాదు. కానీ ఆయన ఒకనాడు పుచ్చపాదు దగ్గర మగపువ్వునీ ఆడపువ్వునీ చేత్తో కలపడం చూపించాడు. మా పాలమనిషి నాకు చూపించిందే! ఆ వాక్యం చదివినప్పుడు పుస్తకం కాసేపు పక్కన పెట్టేశాను.

ఫెరియోల్ తోటలో వెనిల్లా తీగ ఒకటి దాదాపు ఇరవై ఏళ్ళుగా ఉంది. గొడ్డుతీగ. 1841లో ఒకరోజు ఎడ్మండ్‌ని వెంటబెట్టుకుని అటు వెళితే రెండు కాయలు వేలాడుతున్నాయి. ఆయన నిర్ఘాంతపోయాడు. "నేనే చేశాను" అన్నాడు పన్నెండేళ్ళ ఎడ్మండ్. ఆయన నమ్మలేదు. కొన్నాళ్ళకి ఇంకో కాయ కనబడితే అప్పుడు, ఏదీ చేసి చూపించు అన్నాడు. పిల్లాడు పువ్వు రేకును చీల్చి, సన్నటి పుల్లతో ఆ అడ్డుపొరని పైకెత్తి, బొటనవేలితో పుప్పొడిని ఆడభాగానికి నొక్కాడు. అంతే. కళ్ళు మూసి తెరిచినంత సేపు.

వెనిల్లా పువ్వుకి కాడలా కనిపించేది కాడ కాదు, అండాశయం. పుప్పొడి అందకపోతే పువ్వు రాలిపోతుంది. అందితే ఆ కాడే సాగి సాగి కాయవుతుంది. ముదరటానికి ఎనిమిది తొమ్మిది నెలలు. చదువరులు నవ్వుకుంటారేమో గానీ ఆ లెక్క చూసి నాకు ఆ తీగమీద జాలేసింది. కోసిన పచ్చికాయకి వాసనే ఉండదు. వేణ్ణీళ్ళలో ముంచి, దుప్పట్లలో చుట్టి చెమటపట్టించి, వారాల తరబడి ఎండలో ఆరబెడితే అప్పుడు నల్లబడి గుబాళిస్తుంది. లోపల వేలకొద్దీ నలకల్లాంటి గింజలు.

ఎడ్మండ్‌ని పక్క తోటలవాళ్ళు పిలిపించుకున్నారు. తోటతోటకీ తిరిగి, మిగతా బానిసలకి నేర్పాడు. 1848లో ఆ దీవినుంచి ఎగుమతైన వెనిల్లా యాభై కిలోలు. 1898 నాటికి రెండువందల టన్నులు! మెక్సికోనే మించిపోయింది.

మరి ఎడ్మండ్? 1848 డిసెంబరు 20న ఆ దీవిలో బానిసత్వం రద్దయింది. అరవైవేల మందికి పైగా ఒక్కరోజున మనుషులయ్యారు. ఎడ్మండ్‌కి ఆ ఏడే అల్బియస్ అని ఇంటిపేరు పెట్టారు. లాటిన్‌లో తెలుపు అనే మాటని పోలిన పేరు. నల్లపిల్లాడికి ఆ పేరు ఎంచినవాళ్ళ మనసులో ఏముందో! స్వేచ్ఛ వచ్చింది గానీ చేతిలో చిల్లిగవ్వ లేదు. పట్నం పోయి ఒకరి వంటింట్లో పనికి కుదిరాడు. నగల దొంగతనం కేసులో ఇరుక్కుని జైలుశిక్ష పడింది. ఈ దీవికి ఇంత సంపద తెచ్చింది ఇతనేనని ఫెరియోల్ గవర్నరుకి మొరపెట్టుకుంటే, గడువుకి ముందే వదిలారు.

అంతటితో అయిందా! రిషార్ అనే పేరున్న వృక్షశాస్త్రజ్ఞుడు, ఆ పద్ధతి తాను 1838లోనే ఆ దీవిలో చూపించానని, పిల్లాడు చాటునుంచి చూసి ఉంటాడని వాదించాడు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఫెరియోల్ ఇక్కడా గట్టిగా నిలబడ్డాడు. ఆయన చూపించి ఉంటే మరి తోటలవాళ్ళంతా ఎడ్మండ్‌ని ఎందుకు పిలిపించుకున్నట్టని ఎదురడిగాడు. మంచివాడే. కానీ ఆ మంచివాడి ఇంట్లోనే ఆ పిల్లాడు పందొమ్మిదేళ్ళు బానిసగా ఉన్నాడన్నది కూడా నేను మర్చిపోలేను.

ఎడ్మండ్ 1880 ఆగస్టులో పేదవాడిగానే పోయాడు. ఇప్పుడు సెయింట్ సుజాన్‌లో ఆయన స్మారకం ఉంది. ఈనాటికీ మడగాస్కర్‌లో గానీ, కేరళలో గానీ, తోటల్లో వెనిల్లా కాయ కాయాలంటే ఎవరో ఒకరు పొద్దున్నే పువ్వుపువ్వుకీ తిరిగి ఆ పుల్లా, ఆ బొటనవేలూ ఆడించవలసిందే. ఎక్కువగా ఆడవాళ్ళు చేస్తారట. ఫ్రెంచివాళ్ళు దాన్ని ఎడ్మండ్ చేతివాటం అని అతని పేరుతోనే పిలుస్తారు.

మొన్న మా వీధిలో నలుగురు గుమ్మడి గింజలు కావాలన్నారు. పొట్లాలు కట్టి, కాయ నిలిచే ఉపాయం చెప్పినావిడ పేరు కూడా పైన రాద్దామని కలం తీశాను. తీశాక తెలిసింది, ఎనిమిదేళ్ళుగా మా గుమ్మంలో పాలు పోస్తున్న మనిషి పేరు నాకు తెలియదు. పాలావిడ, అంతే. మర్నాడు పొద్దున అడిగాను.

"నా పేరెందుకండీ అమ్మగారూ? గింజలు మంచియ్యని రాయండి, చాలు" అని నవ్వేసి, చెంబు ఎత్తుకుంది. గుమ్మం దాటనివ్వకుండా పట్టుబట్టి అడిగి, నాలుగు పొట్లాల మీదా రాశాను.