ఏ.సి. గార్డ్స్ పేరు వెనుక కథ

మాసాబ్ ట్యాంకు మీదుగా వెళ్ళే మనవాళ్ళందరూ ‘ఏ.సి. గార్డ్స్’ అనే పేరు విన్నవారే. ఆ అక్షరాల అర్థం ఎరిగినవారు మాత్రం కొద్దిమందే. అది ‘ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్’, అనగా నిజాము ప్రభువుల ఆఫ్రికా ఆశ్వికదళం. ఆ సిద్దీ సైనికులు కాపురమున్న పేట గనుక ఆ పేరు నిలిచింది. వారినే హబ్షీలని కూడా అంటారు.

దక్కనుకు ఆఫ్రికావారు కొత్త కాదు. ఇథియోపియాలో పుట్టి, బానిసగా అమ్ముడుపోయిన మలిక్ అంబర్ అహ్మద్‌నగర్ రాజ్యాన్నే నడిపించాడు. 1626లో కన్నుమూసిన ఆయన కట్టించిన ఖడ్కీ పట్టణమే తర్వాత ఔరంగాబాదు అయింది.

బార్కస్ సంగతీ ఇటువంటిదే. ‘బారక్స్’ అనే మాటే నోళ్ళలో నలిగి బార్కస్ అయింది. అక్కడ నిజాము అరబ్బు సైనికులుండేవారు. ఇద్దరూ సముద్రం దాటి వచ్చినవారే, ఒకే కొలువు చేసినవారే. 1948 సెప్టెంబరులో సంస్థానం భారతదేశంలో కలిశాక ఇద్దరి కొలువులూ పోయాయి. అయితే మన నోట ‘అరబ్బు’ అంటే గౌరవం, ‘హబ్షీ’ అంటే తిట్టు! ఈ తేడా ఎక్కడిది? నిజాము పెట్టింది కాదు, దీన్ చెప్పింది అంతకంటే కాదు. మనం పెట్టుకున్నదే.

2007లో 4 శాతం రిజర్వేషను చట్టం వచ్చినప్పుడు బి.సి.-ఇ జాబితాలో సిద్దీలు, ధోబీలు, హజాములు, ఫకీర్లు చేరారు. సయ్యదులు, పఠానులు, అరబ్బులు చేరలేదు. ‘మాలో కులం లేదు’ అని మనం అంటూనే ఉన్నాం, ఉన్నదని జాబితా చెబుతున్నది.

నా తప్పు కూడా చెప్పుకోవాలి. ఒకరోజు తరగతిలో హజ్రత్ బిలాల్ పాఠం చెప్పాను. ఆయన హబ్షీ అనీ, మొదటి అజాన్ ఆయన గొంతుదేననీ చెబితే పిల్లలు శ్రద్ధగా విన్నారు. మధ్యాహ్నం వాళ్ళే ఒక నల్లని పిల్లవాణ్ణి ‘అరే హబ్షీ’ అని ఏడిపిస్తుంటే నేను విననట్టు వెళ్ళిపోయాను. ఆ పిల్లవాడు నావైపు చూసిన చూపు ఇప్పటికీ మరువలేదు.

మన మోతీనగర్ పెళ్ళిళ్ళలో మర్ఫా మోగితే పెద్దా చిన్నా ఊగిపోతాం. సిద్దీలు, అరబ్బులు ఈ ఊరికిచ్చిన వాద్యమది. వాయించేవాడి ఇంటికి మాత్రం సంబంధం మాట్లాడటానికి వెళ్ళం. నమాజులో భుజం భుజం కలిపి ఒకే వరుసలో నిలబడతాం. సలాం తిప్పి గుమ్మం దాటగానే ఖాందాన్ అడుగుతాం.

సభ్యులకు నా మనవి ఒక్కటే. ఈసారి సంబంధం వస్తే ఖాందాన్ కంటే ముందు పిల్లవాడి నడత అడగండి. నేనూ ఈసారి ఆ మాట చెవిన పడితే ఆగుతాను.