వేలిముద్ర వెనుక సమ్మతి

తొర్రూరులో గర్భిణి ఆసుపత్రికి పోయినచో ఇనుము, ఫోలిక్ ఆమ్లము కలిసిన మాత్రలు చేతికిత్తురు. ఆ మాత్ర ఎట్లు పుట్టినదో మనము అడుగము. 1928లో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చి, బట్టల మిల్లులలో పనిచేయు గర్భిణులకు కలుగు ఒక విధమగు రక్తహీనతను పరిశీలించినారు. ఈస్టు సారముతో అది నయమగునని 1931లో ప్రకటించినారు. ఆ సారములోని గుణము ఫోలిక్ ఆమ్లమునదని తరువాత తేలినది. 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో దానిని కృత్రిమముగా తయారుచేసిన బృందమునకు పెద్ద, భీమవరమున పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఈ మాట చెప్పునప్పుడు మనము కొంత గర్వపడుదుము. కాని ఆ మిల్లు స్త్రీల పేర్లు మనకు తెలియవు.

ప్రయోగమునకు లోనగు వ్యక్తి తెలిసి ఒప్పుకొనవలెనని 1947లో న్యూరెంబర్గు న్యాయస్థానము చెప్పినది. 1964లో హెల్సింకి ప్రకటన వచ్చినది. నడుమ థాలిడోమైడు విషాదము జరిగినది. గర్భిణులు వాడిన ఆ మందు వలన వేలాది శిశువులు అవయవలోపములతో పుట్టగా, 1961లో జర్మనీలో దానిని అంగడి నుండి తీసివేసినారు. ఆ భయముతో వైద్యలోకము గర్భిణులను పరిశోధనలకు దూరముగా ఉంచసాగినది. ఫలితమేమనగా, పరీక్షింపబడని మందునే ఆమె మ్రింగవలసి వచ్చినది.

మన వైపు సంగతి చూతము. 1985లో హైదరాబాదు దాపున పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్యకేంద్రములో నెట్-ఎన్ అను గర్భనిరోధక సూదిమందు ప్రయోగమునకు స్త్రీలను సమకూర్చినారు. అది ఇంకను పరీక్షలో ఉన్న మందని వారికి చెప్పలేదని స్త్రీశక్తి సంఘటన సభ్యులు ఆక్షేపించినారు. అట్టి సూది వేయుటకు ముందు గర్భము లేదని నిర్ధారించుకొనవలెను గదా! ప్రశ్న తల్లితో ఆగక కడుపులోని బిడ్డ వరకు పోవును. 1986లో సుప్రీంకోర్టుకు పోయిన ఆ వ్యాజ్యము 2000 వరకు నడిచినది. ఆ మందును కుటుంబనియంత్రణ కార్యక్రమములో సామూహికముగా ప్రవేశపెట్టబోమని ప్రభుత్వము ఒప్పుకొనినది.

మా ప్రాంతపు వృద్ధులకు వేలిముద్ర యన్న జంకు. తొర్రూరు సమీపమందలి పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పొలము కొరకు విసునూరు దేశముఖు నెదిరించిన కాలమది. చదువురానివాడు దేనికి వేలు అద్దినాడో కాగితము వ్రాసినవానికే ఎరుక. 2019 నాటి నియమములు అట్టివారి సమ్మతికి నిష్పాక్షికుడగు సాక్షి ఉండవలెనన్నవి. మంచిదే. కాని పత్రములోని ‘యాదృచ్ఛిక విభజన’ ఆమెకు తెలియునా? ‘కొందరికి మందు, కొందరికి ఉత్తమాత్ర, ఎవరికేదో చీట్లు వేసి తీసినట్లే’ అని చెప్పినచో తెలియును. అప్పుడామె, ఇంటికి పోయి ఆలోచించుకొని వచ్చెదననును. ఆ దినము వేలిముద్ర పడదు; పరిశోధకుడు మరునాడు మరల రావలసియుండును.