అంకవన్నెలో ఇరుక్కున్న కాలు

ఆ మధ్య హైదరాబాదులో మా బంధువులింట పెళ్ళికి వెళ్ళాను. వరుణ్ణి తెల్లగుర్రం మీద ఊరేగించారు. బ్యాండుమేళం, టపాసులు, గుర్రం చుట్టూ కుర్రకారు చిందులు, అన్నీ సక్రమంగానే నడిచాయి, దిగేటప్పుడు తప్ప. పెళ్ళికొడుకు ఒక కాలు నేలమీద పెట్టాడు. రెండోకాలు మట్టుకు పైనే వుండిపోయింది. జీనుకు వేలాడే ఇనుప వలయంలో కొత్తబూటు ఇరుక్కుంది. సరిగ్గా అప్పుడే ఎవరో మహానుభావుడు ఇంకో టపాసు అంటించాడు. గుర్రం నాలుగడుగులు వేసింది, దాంతోపాటు పెళ్ళికొడుకు ఒంటికాలిమీద నాలుగు గెంతులు గెంతాడు. గుర్రం తాలూకు ముసలాయన కళ్ళెం పట్టి ఆపబట్టి సరిపోయింది. అందరూ నవ్వేశారు. నేనూ నవ్వాను గాని, ఇంటికొచ్చాక ఆ వలయం నన్ను వదల్లేదు.

దాని పేరేమిట్రా అని మా మనవణ్ణి అడిగితే ‘స్టిరప్’ అన్నాడు. పెద్దవాళ్ళు రికాబు అంటారు. అది అరబ్బీలో పుట్టి, పారశీకం మీదుగా మనదాకా వచ్చిన మాట. పక్కన గుర్రంమీద వచ్చే తోడును ఉర్దూలో ‘హమ్‌రికాబ్’ అంటారు. మనం ఏకకంచం, ఏకమంచం అంటాం చూడండి, అలాంటిదన్నమాట. నిఘంటువు తీస్తే ‘అంకవన్నె’ అని సొంతమాట ఒకటి మనకీ వుంది. గుర్రాలతోపాటే దాన్నీ వదిలేసుకున్నాం కాబోలు.

ఈ అంకవన్నెల్ని ఈనాటికీ కొలిమిలో కాల్చి, చేత్తో సాగగొట్టి చేసే కమ్మర్లున్నారంటే మీరు నమ్మాలి. ఇంగ్లండులో, జర్మనీలో, హంగరీలో పాతకాలపు యుద్ధాల్ని మళ్ళీ ఆడి చూపించే సరదారాయుళ్ళు బోలెడుమంది. 1066లో హేస్టింగ్స్ దగ్గర నార్మన్లు ఇంగ్లీషువాళ్ళను ఓడించిన యుద్ధాన్ని అక్టోబరు నెలలో ఆ పాత రణరంగంలోనే ఆడతారు. వేషం కడితే చాలదు వాళ్ళకి. అంగీ కుట్టిన దారం దగ్గర్నుంచి అంతా ఆ కాలానిదిలాగే వుండాలి. మరి నార్మన్ రౌతు ఫ్యాక్టరీలో మెరుగుపెట్టిన స్టీలు వలయంలో కాలుపెడితే ఎలా? అంచేత, మ్యూజియంలో తుప్పుపట్టిన ముక్కను కొలిచి చూసి, కమ్మరి దగ్గరికి పరుగు.

ఆ కమ్మరికి మొదటి తంటా ఇనుముతోనే. ఆనాటిది చేత ఇనుము. లోపల సన్నని చిట్టెం పోగులు కలిసి, చెరుకుగడలా నారనారగా వుంటుంది. ఇంగ్లండులో దాన్ని పెద్దఎత్తున చేసిన చివరి కార్ఖానా 1970 దశకంలో మూతపడింది. ఇప్పుడు పట్టుదల వున్నవాళ్ళు పాత ఇళ్ళ కటకటాలో, ఓడల గొలుసులో వెతికి తెచ్చుకుంటారు. లేనివాళ్ళు మామూలు మెత్తటి ఉక్కుతో సరిపెట్టుకుంటారు. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో మనవాళ్ళు మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కోసం పారశీకం నుంచి వర్తకులు వచ్చేవారు కదా, దాంతో చేస్తే ఇంకా బాగుండదా అంటారేమో! కత్తికైతే అదే కావాలి. అంకవన్నెకు కాఠిన్యం పనికిరాదు. దెబ్బ తగిలితే వంగాలి గాని విరక్కూడదు.

సరే, కడ్డీ దొరికింది. దాన్ని ఎర్రగా కాల్చి, ఒక వైపు మందం అట్టేపెట్టి అందులో తోలుపట్టీ దూరేటంత బెజ్జం పొడుస్తారు. మిగిలినదాన్ని నిలువునా చీల్చి, పంగలకర్రలా విప్పి, రెండు చేతుల్నీ దాగలిమీద సాగగొడతారు. రెండు కొసల్నీ వెడల్పుచేసి, ఒకదానిమీద ఒకటి ఎక్కించి, నిప్పురవ్వలు చిమ్మేటంత తెల్లటి వేడిలో గబగబా కొట్టి అతుకుతారు. కాలు మోపే చోటు అదే. ఇక్కడే పేచీ వస్తుంది. అతుకు పాదం కింద వుంటే మనిషి బరువంతా దానిమీదే. పైన పెడదామంటే అక్కడ తోలుపట్టీ గుంజుతుంది. పాదం కింద ముక్క వెడల్పు గనక అతుక్కి చోటెక్కువ, కిందే నయం అని కొందరు. వద్దు బాబూ, నడిమి ముక్క అఖండంగానే వుండాలని ఇంకొందరు. నాకైతే ఈ రెండోవాళ్ళ మాటే నచ్చింది, నేను ఎన్నడూ గుర్రం ఎక్కకపోయినా.

ఒకటి చేస్తే అయిపోలేదు. దానికి జోడు చెయ్యాలి. అసలు పని అక్కడుందిట. రెండోది అరంగుళం పొడుగైతే రౌతు రోజంతా ఒరిగే కూచోవాలి.

ఇంతకీ అన్నిటికన్నా ముఖ్యమైన కొలత లోపలి వెడల్పు. బూటుకి అటూ ఇటూ కలిపి ఒక అంగుళం సందుండాలి. తక్కువైతే కాలు ఇరుక్కుంటుంది. పడ్డవాణ్ణి గుర్రం ఈడ్చుకుపోతుంది. మరీ ఎక్కువైతే పాదం మడమదాకా దూరిపోయి, మళ్ళీ అదే గతి. మ్యూజియంలో వున్నదాన్ని వున్నట్టే దింపేస్తే చిక్కు వచ్చేది ఇందువల్లనే. అది ఎప్పటివాడిదో మెత్తటి జోడుకు తగ్గ కొలత. ఈనాటి బూటుతో అందులో కాలుపెడితే ప్రాణాలతో చెలగాటం. పైగా ఆనాటి జోళ్ళకు మడమ ఎత్తు లేదు. పాదం ముందుకు జారిపోకుండా మడమను అంకవన్నెకు ఆన్చుకునే ఉపాయం పారశీక రౌతుల ఎత్తుమడమల జోళ్ళలో వుంది. అవి చూసే 1600 ప్రాంతంలో ఐరోపా దొరలు ఎత్తుమడమలు మరిగారు. వాళ్ళ దగ్గర్నుంచి దొరసానులు, అక్కణ్ణుంచి మన అమ్మాయిలు. ఈసారి టకటకమని చప్పుడు వినిపిస్తే విసుక్కోకండి, అది అశ్వదళం అడుగుల చప్పుడే!

జపాను కమ్మరి మట్టుకు ఈ ఇరుకు గొడవే లేకుండా చేసుకున్నాడు. వలయం మూయలేదు. పాదమంతా పట్టే ఇనుప పలకను ముందువైపునుంచి వేలాడదీశాడు. పక్కలు తెరిచే వుంటాయి, పడితే కాలు ఊడి వస్తుంది.

చిత్రమేమిటంటే, అలెగ్జాండరు అంకవన్నె లేకుండానే సింధునదిదాకా వచ్చాడు. రోము అశ్వదళాలకూ లేదు. సాంచి శిల్పాల్లో కాలి బొటనవేలు దూర్చే చిన్న ఉచ్చు కనిపిస్తుంది. ఎండదేశం, వట్టికాళ్ళు, బొటనవేలికి పట్టు దొరికితే చాలుననుకున్నారు. బూట్లేసుకునే చలిదేశాల్లో అది కుదరదు. చైనాలో చాంగ్షా దగ్గర 302 నాటి సమాధిలో దొరికిన మట్టిగుర్రాలకు ఎడమవైపున ఒక్కటే అంకవన్నె వుంది. ఎక్కడానికి మెట్టన్నమాట, ఎక్కినవాడి కాలు అందులో లేదు. నాన్‌జింగ్ దగ్గర 322 నాటి బొమ్మకు రెండున్నాయి. 415లో చనిపోయిన ఫెంగ్ సుఫు అనే ప్రభువు సమాధిలో, కర్రమీద బంగారు పూత కంచు తాపడం చేసిన అసలు జోడే దొరికింది. అక్కడనుంచి మైదానాల వెంబడి అవార్లతో ఐరోపాకు చేరింది. ఆరో శతాబ్ది చివర బైజాంటియం వారి యుద్ధశాస్త్రం జీనుకు రెండు ఇనుప అంకవన్నెలుండాలని శాసించింది.

1962లో లిన్ వైట్ అనే అమెరికన్ ఆచార్యుడు ఒక బాంబు పేల్చాడు. ఈ ఇనుప వలయం వల్లనే రౌతు ఈటెను చంకలో బిగించి గుర్రం విసురుతో పొడవగలిగాడనీ, అలాంటి రౌతుల్ని పోషించడానికే చార్లెస్ మార్టెల్ భూములు పంచాడనీ, ఐరోపా జమీందారీ వ్యవస్థ అందులోంచే మొలిచిందనీ. మరుసటి సంవత్సరమే సాయర్, హిల్టన్ అనే చరిత్రకారులు విరుచుకుపడ్డారు. 1970లో బాక్రాక్ మరో దెబ్బ వేశాడు. ఎనిమిదో శతాబ్ది ఫ్రాంకుల సమాధుల్లో అంకవన్నెలు బహు అరుదన్నాడు.

పండితులు కాగితాలమీద పోట్లాడుతుంటే, కొందరు జీను కట్టుకుని ఎక్కి చూశారు. పీటర్ కానొలీ అనే బ్రిటిష్ చిత్రకారుడు నాలుగు కొమ్ముల రోమన్ జీనును పునర్నిర్మించాడు. అంకవన్నె లేకపోయినా ఆ కొమ్ముల మధ్య రౌతు గట్టిగానే కూచోగలిగాడు. ఈటె తాకిడికి వెనక్కి పడకుండా కాచేది ముఖ్యంగా జీను వెనక దిమ్మేనని ఎక్కి చూసినవాళ్ళంటారు. అయితే అంకవన్నె దండగా? కాదు. పక్కకు వాలి కత్తి దూసినప్పుడు, లేచి నిలబడి బాణం వేసినప్పుడు, పొద్దస్తమానం స్వారీ చేసినప్పుడు దాని విలువ తెలుస్తుంది. రాజ్యాల్ని పుట్టించకపోతేనేం, నడుం నొప్పి తగ్గించింది.

ఇవన్నీ చదివాక మా బంధువులింటికి మళ్ళీ వెళ్ళినప్పుడు, వీధి చివర ఆ గుర్రం ముసలాయనే కనిపిస్తే ఆగాను. అంకవన్నె వెడల్పు జానతో కొలుస్తుంటే నవ్వాడు.

“ఇది మా తాత నాటిది సార్. మంచిగనే ఉంటది. బూట్లు ఇప్పి ఎక్కుమంటె పెండ్లికొడుకు ఇనకపాయె.”