రెండు చెక్క పూసలు

జనగామలో మా జిల్లా పరిషత్ బడిలో స్కౌట్ సార్ మెడలో సన్నటి తోలు తాడు ఉండేది. దానికి రెండు చిన్న చెక్క పూసలు. హిమాలయ వుడ్ బ్యాడ్జ్ శిక్షణ పూర్తిచేసిన వాళ్ళకే అవి దక్కుతాయని మాకు తెలుసు. ముడులు వేయడం, జాతరలో క్యూల దగ్గర నిలబడి నీళ్ళందించడం, తప్పిపోయిన పిల్లల్ని మైకు దగ్గరికి చేర్చడం, అన్నీ ఆయన దగ్గరే నేర్చుకున్నాం. ఆ పూసలు ఎక్కడివని మాత్రం మేమెవ్వరం అడగలేదు. ఉద్యోగం మీద దక్షిణాఫ్రికాలోని డర్బన్ వచ్చి, ఈ దేశం చరిత్ర చదవడం మొదలుపెట్టాక జవాబు దొరికింది. అవి పుట్టిన నేల మా ఇంటి నుంచి కారులో సగం పూట దూరమే.

డర్బన్‌కు ఉత్తరాన తుగేలా నది దాటితే జులూల్యాండ్. 1879లో బ్రిటిష్ వాళ్ళు యుద్ధం చేసి జులూ రాజు సెట్‌ష్వాయోను గద్దె దించారు. రాజ్యాన్ని 13 ముక్కలు చేశారు. 1887లో దాన్ని తమ సామ్రాజ్యంలో కలిపేసుకున్నారు. మరుసటి ఏడే సెట్‌ష్వాయో కొడుకు దినుజులు తిరగబడి సేజా కొండల్లో నిలిచాడు. అతన్ని అణచడానికి వెళ్ళిన సైన్యంలో 31 ఏళ్ళ అధికారి ఒకడున్నాడు. పేరు రాబర్ట్ బేడెన్ పవెల్, తర్వాత స్కౌటింగ్ మొదలుపెట్టినవాడు. ఆ దండయాత్రలో వెయ్యికి పైగా చెక్క పూసలు గుచ్చిన పొడవాటి హారం ఒకటి ఆయన చేతికి చిక్కింది. దినుజులు వదిలివెళ్ళిన గుడిసెలో దొరికిందని ఆయన చెప్పుకున్నాడు. జులూలు దాన్ని ఇజీకు అంటారు. యుద్ధంలో ధైర్యం చూపిన వీరులకు దక్కే గౌరవం అది. దినుజులును సెయింట్ హెలీనా ద్వీపానికి పంపించారు. హారం ఇంగ్లండ్ వెళ్ళింది.

భూపాలపల్లి, ములుగు వైపు వాళ్ళకు దీని బరువు ఎట్లా చెప్పాలని చాలా ఆలోచించాను. చిలుకలగుట్ట మీద నుంచి మేడారం గద్దెకు తెచ్చే సమ్మక్క కుంకుమ భరిణెను ఏ దొరో పట్టుకుపోయి, లోపలి కుంకుమను తన శిష్యులకు చిటికెడు చిటికెడు పంచాడనుకోండి. ఇక్కడా అట్లాంటిదే జరిగింది. 1919 సెప్టెంబరులో లండన్ శివార్లలోని గిల్వెల్ పార్కులో స్కౌట్ మాస్టర్లకు మొదటి శిక్షణ జరిగింది. పూర్తిచేసిన వాళ్ళకు గుర్తుగా ఇచ్చినవి ఆ హారం నుంచి తీసిన పూసలే. తర్వాత నకళ్ళు చెక్కించారు. మా సార్ మెడలోవి ఆ నకళ్ళ వరుసలోవి.

ఆ దండయాత్రకూ గిల్వెల్‌కూ మధ్యలో మాఫెకింగ్ కథ ఉంది. బ్రిటిష్ వాళ్ళకు, డచ్చి సంతతి బోయర్లకు జరిగిన యుద్ధంలో 1899 అక్టోబరు నుంచి 217 రోజులు ఆ చిన్న ఊరు ముట్టడిలో ఉంది. లోపలి సేనకు నాయకుడు బేడెన్ పవెల్. ఊళ్ళోని తెల్లవాళ్ళ పిల్లల్ని కేడెట్ దళంగా కూర్చి కబుర్లు మోయించారు. వాళ్ళ నాయకుడు 13 ఏళ్ళ వార్నర్ గుడ్‌ఇయర్ సైకిలు మీద ఉన్న బొమ్మతో ముట్టడిలోనే తపాలా బిళ్ళ వేశారు. స్కౌటింగ్‌కు బీజం ఇక్కడే పడిందని మా పుస్తకాల్లోనూ ఉండేది.

పుస్తకాల్లో లేనిది సోల్ ప్లాట్యే డైరీలో చదివాను. ఆయన అక్కడి కోర్టులో దుబాసీ. అప్పటికి 23 ఏళ్ళు. డైరీ అచ్చయింది 1973లో. ఊరిని కాపాడినవాళ్ళలో బరొలాంగ్ తెగ వాళ్ళూ ఉన్నారు. తిండి తగ్గించాల్సి వచ్చినప్పుడు ముందు వాళ్ళకే తగ్గించారు. నల్లవాళ్ళు ఆకలితో చనిపోయారు. శత్రువు కాపలా మధ్య నుంచి చీకట్లో జారిపోయి ఉత్తరాలు బయటికి చేర్చింది కూడా నల్లజాతి వాళ్ళే. స్కౌటు అంటే చప్పుడు చేయకుండా వెళ్ళి, చూసి, క్షేమంగా తిరిగి వచ్చేవాడని సార్ చెప్పేవారు. ఆ లెక్కన మాఫెకింగ్‌లో అసలు స్కౌట్లు వీళ్ళు. వీళ్ళ బొమ్మతో బిళ్ళ వేయలేదు. విసునూరు, కడివెండి పెద్దలకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. తెలంగాణ సాయుధ పోరాటంలో దళాలకు కబురు మోసిన వాళ్ళ పేర్లు మనం మాత్రం ఎన్ని రాసుకున్నాం?

1908లోనే దక్షిణాఫ్రికాలో స్కౌట్ దళాలు మొదలయ్యాయి, తెల్ల పిల్లలకు. స్కౌట్లంతా అన్నదమ్ములనే నియమం మొదటి నుంచీ ఉంది. కానీ నల్ల పిల్లలు చేరతామంటే కాదన్నారు. 1922లో వాళ్ళ కోసం పాత్‌ఫైండర్లు అనే వేరే సంస్థ పెట్టారు. స్కౌట్ అనే పేరు కూడా ఇవ్వలేదు. జులూల పూసలు ప్రపంచమంతా స్కౌట్ మాస్టర్ల మెడల్లో మెరుస్తున్న రోజుల్లో జులూ పిల్లవాడు మాత్రం స్కౌట్ కాడు. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 1936లో బేడెన్ పవెల్ స్వయంగా వచ్చి కుదిర్చిన రాజీలో తెల్లవాళ్ళకు, నల్లవాళ్ళకు, మిశ్రమ జాతి వాళ్ళకు, భారతీయులకు నాలుగు శాఖలు ఏర్పడ్డాయి. చెరకు తోటల కూలికి 1860 నుంచి మద్రాసు ఓడల్లో వచ్చిన తమిళ, తెలుగు వాళ్ళ మనవలు నాలుగో శాఖలోకి వెళ్ళారు. బోయర్ల పిల్లలు అప్పటికే 1931లో పెట్టుకున్న వూర్‌ట్రెక్కర్ల వైపు పోయారు. ఆ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం పెట్టిన నిర్బంధ శిబిరాల్లో 26 వేలకు పైగా ఆడవాళ్ళను, పిల్లల్ని పోగొట్టుకున్న జాతి ఆ సైన్యపు ఖాకీలో తన బిడ్డల్ని చూసుకోలేకపోయింది.

మన దేశంలోనూ 1909లో బెంగళూరులో స్కౌటింగ్ మొదలైనప్పుడు మన పిల్లల్ని రానివ్వలేదు. మనవాళ్ళు ఊరుకోలేదు. మద్రాసులో అనీబిసెంట్, 1918లో అలహాబాదులో మాలవీయ, కుంజ్రూ, శ్రీరామ్ బాజ్‌పాయి సొంత సంస్థలు నిలబెట్టారు. స్వాతంత్ర్యం వచ్చాక అన్నీ కలిసి 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయ్యాయి. ఇక్కడ దక్షిణాఫ్రికాలో నాలుగు శాఖలు ఒకటయ్యేసరికి 1977 వచ్చింది. సోవెటో వీధుల్లో బడిపిల్లల మీద పోలీసులు కాల్పులు జరిపిన మరుసటి ఏడు అది.

మొన్న సార్‌కు ఫోన్ చేశాను. రిటైరయ్యాక మానుకోటలో బిడ్డ దగ్గర ఉంటున్నారు. అంతా విని కాసేపు మాట్లాడలేదు. ‘‘ఆ పూసలు బీరువాల భద్రంగనే ఉన్నయిరా’’ అన్నారు. తర్వాత ఏదో కాగితం వెతుకుతున్న చప్పుడు.

‘‘ఆ రాజు పేరేందంటివి? మెల్లగ చెప్పు, రాసుకుంట.’’